క్రైస్తవ్యాన్ని, మిషన్ చరిత్రను చదవదలచినవారికి: సెమినరీయా, విశ్వవిద్యాలయమా, విదేశమా, సొంత ఊరా?

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో డిగ్రీ ముగించి, క్రైస్తవ్యం గురించి, మిషన్ల చరిత్ర గురించి పద్ధతిగా చదవాలనుకునే యువతీయువకులు ఏటా కొందరు నన్ను సలహా అడుగుతుంటారు. వారిలో పాస్టర్ల పిల్లలు ఉంటారు, చరిత్రలో బీఏ చేసినవారు ఉంటారు, క్రైస్తవేతర కుటుంబాల్లో పుట్టి తమ ఊరి పాత మిషన్ బడి కథ తెలుసుకోవాలనుకునేవారూ ఉంటారు. ఏ కాలేజీలో చేరమంటారన్నదే అందరూ మొదట అడిగే ప్రశ్న. జవాబు చెప్పేముందు నేను వారిని మరొకటి అడుగుతాను: మీరు తెలుసుకోదలచిన విషయానికి సంబంధించిన కాగితాలు ఎక్కడున్నాయి, దాన్ని చెప్పగల మనుషులు ఎక్కడున్నారు? ఈ చదువును ఎంచుకునేటప్పుడు డిగ్రీ పేరు కంటే, అది మనల్ని ఏ ఆధారాల దగ్గరకు చేరుస్తుందనేదే గట్టి కొలత అని నా నమ్మకం.

మన ప్రాంతంలో అందరూ విన్న సంఘటనే ఉదాహరణగా తీసుకుందాం. 1878 జులై 3న ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర, గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అంతకుముందు రెండేళ్లు భయంకరమైన కరువు. ఒంగోలులోని అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ, బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం పనిని కాంట్రాక్టుకు తీసుకుని ఆకలితో ఉన్నవారికి కూలి చూపించారు. కూటి కోసం మతంలో కలిశారన్న మాట రాకూడదని, ఆ సహాయం సాగినన్నాళ్లు, దాదాపు పదిహేను నెలలపాటు, ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కరువు పనులు ముగిసిన తరువాత జనం వెల్లంపల్లికి కదిలివచ్చారు. ఆ రోజు నీళ్లలోకి దిగి బాప్తిస్మం ఇచ్చినవారు ఆరుగురు బోధకులు. ఒక్కోసారి ఇద్దరు చొప్పున దిగి, అలసినప్పుడు మరో ఇద్దరికి చోటిచ్చారు. వారందరూ ఈ దేశస్థులే. క్లౌ తన చేతులతో ఆ రోజు ఎవరికీ ఇవ్వలేదు.

ఈ ఒక్క రోజును ఎన్ని విధాల చదవవచ్చో చూడండి. బాప్తిస్మానికి ముందు ఎంత బోధ జరగాలి, సమూహంగా వచ్చినవారి విశ్వాసాన్ని సంఘం (చర్చి) ఎలా గుర్తించాలి అన్నవి వేదాంత ప్రశ్నలు. కాలువ పనిలో కూలి ఎంత, కరువు సహాయం ఎవరికి అందింది, మాదిగపల్లెల్లో వెట్టి పరిస్థితి ఏమిటి అన్నవి చరిత్రకారుడి ప్రశ్నలు. ఇలాంటి సామూహిక చేరికలు పంజాబులోనూ, ఆఫ్రికాలోనూ జరిగాయి కదా, వాటికీ దీనికీ పోలికేమిటన్నది ప్రపంచ క్రైస్తవ్యాన్ని చదివేవారి ప్రశ్న. మా ఊరినుంచి ఆ రోజు నడిచి వెళ్లినవారు ఎవరు, తిరిగి వచ్చాక వారిని ఊరు ఎలా చూసింది అన్నది ఆ ఊరివాళ్లు మాత్రమే విప్పగల ప్రశ్న. ప్రతి ప్రశ్నకూ ఆధారాలు ఒక్కోచోట ఉన్నాయి. అందువల్ల చదువుకునే చోటు కూడా మారుతుంది.

రెండు మాటల మధ్య తేడా ముందే తెలుసుకోవాలి, ఎందుకంటే ప్రవేశ ప్రకటనల్లో అవి కలగలిసి కనిపిస్తాయి. మిషన్ శాస్త్రం అనేది సువార్త పనిని గురించిన ఆలోచన: సంఘం ఎందుకు వెళ్లాలి, ఎలా వెళ్లాలి, వెళ్లినచోట ఏ తప్పులు చేసింది. కలకత్తాలో పనిచేసి తిరిగివెళ్లిన అలెగ్జాండర్ డఫ్ కోసం 1867లో ఎడిన్‌బరోలోనూ, గుస్తావ్ వార్నెక్ కోసం 1896లో జర్మనీలోని హాలెలోనూ ఏర్పడిన ఆచార్య పదవులతో అది పాఠ్యాంశంగా నిలదొక్కుకుంది. ప్రపంచ క్రైస్తవ్య అధ్యయనం దానికంటే చిన్న వయసుది, దాని చూపు వేరు. పంపినవారిని పక్కన పెట్టి, అందుకున్నవారు ఆ విశ్వాసాన్ని తమ భాషలో, తమ పాటల్లో, తమ కులకట్టుల మధ్య ఏం చేసుకున్నారని అది అడుగుతుంది. ఈ దారి వేసినవారిలో ముఖ్యుడైన ఆండ్రూ వాల్స్ 1957లో సియెర్రా లియోన్‌కు ఆదిమ సంఘ చరిత్ర బోధించడానికి వెళ్లి, రెండో శతాబ్దపు సంఘం గురించి తాను పాఠం చెబుతున్న ఆ చోటనే అలాంటి సంఘం తన కళ్లముందు జీవిస్తున్నదని గ్రహించారట. 1900 ప్రాంతంలో ప్రపంచ క్రైస్తవుల్లో ఐదింట నాలుగు వంతుల మంది ఐరోపా, ఉత్తర అమెరికాల్లో ఉండగా, నేడు మూడింట రెండు వంతులకు చేరువగా ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికాల్లో ఉన్నారు. ఆ లెక్కలో ఒంగోలు, కనిగిరి, పొదిలి పల్లెలు కూడా ఉన్నాయి గనుక, ఈ చదువు మనకు దూరపు విషయం కాదు.

సెమినరీ దారి

మన జిల్లాలకు ఈ దారి పాతదే. ఇప్పుడు ఓడరేవు పనులు జరుగుతున్న రామాయపట్నంలో 1870లలోనే బాప్టిస్టు మిషన్ బోధకుల శిక్షణ కోసం సెమినరీని నెలకొల్పింది. 1964లో బాప్టిస్టులు, లూథరన్లు, మరికొన్ని సంఘాలు కలిసి రాజమండ్రిలో ఆంధ్ర క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీని ప్రారంభించాయి. తరువాత అది హైదరాబాదుకు తరలింది. ఈ తరహా కాలేజీలు చాలావరకు సీరాంపూర్ సెనేట్‌కు, అంటే బెంగాల్‌లోని సీరాంపూర్ కాలేజీ తరఫున వేదాంత పట్టాలిచ్చే సంస్థకు, అనుబంధంగా నడుస్తాయి. 1818లో స్థాపితమైన సీరాంపూర్ కాలేజీకి 1827లో డెన్మార్క్ రాజు ఇచ్చిన సన్నదు ద్వారా పట్టాలిచ్చే అధికారం దక్కింది.

డిగ్రీ ఉన్నవారికి బీడీ, అంటే బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ అనే వేదాంత పట్టా, సాధారణంగా నాలుగేళ్ల చదువు. పాత నిబంధన, కొత్త నిబంధన, వాటి మూలభాషలు, వేదాంతం, సంఘ చరిత్ర, ఇతర మతాలు, కాపరి పని, వారాంతాల్లో సంఘాల్లో సేవ, అన్నీ ఇందులో ఉంటాయి. ఇదే దీని బలం, ఇదే దీని పరిమితి. ఒక పల్లె సంఘం పెద్దలతో కూర్చున్నప్పుడు వారి మాటల్లోని బైబిలు ధ్వనులు, కీర్తనల్లోని పలుకుబడి వెంటనే తెలిసేది ఇలా చదివినవారికే. బయటి పరిశోధకుడు ఏళ్ల తరబడి కష్టపడినా ఆ వినికిడి అంత సులభంగా రాదు. అయితే నాలుగేళ్లలో మిషన్ చరిత్రకు దక్కేది కొన్ని పేపర్లు మాత్రమే, పైగా ఈ చదువు ప్రధానోద్దేశం పాస్టర్లను తయారుచేయడం. చేరడానికి సాధారణంగా మీ సంఘం సిఫారసు పత్రం కావాలి. ఆ సిఫారసు ఇచ్చిన సంఘం పాత తగాదాలను, కులభేదాలను పరిశోధనాంశంగా పెట్టుకుంటే కొంత ఇబ్బంది ఎదురవుతుందని తెలిసే చేరాలి. నిజమైన పరిశోధన బీడీ తరువాతి ఎంటీహెచ్ (మాస్టర్ ఆఫ్ థియాలజీ) చదువులో మొదలవుతుంది. సంఘ చరిత్రలోగానీ మిషన్ శాస్త్రంలోగానీ ఆ రెండేళ్లు చదవదలిస్తే, 1910లో ఏర్పడిన బెంగళూరు యునైటెడ్ థియలాజికల్ కాలేజీని నేను ముందుగా చెబుతాను. దానికి కారణం ఆ కాలేజీ పేరు కాదు, అక్కడి దస్తావేజుల భాండాగారం. మద్రాసు కీల్పాక్‌లోని గురుకుల్ లూథరన్ కాలేజీ రెండోది.

ఉద్యోగం మానలేనివారికి, ఇల్లు వదలలేనివారికి సెనేట్ దూరవిద్యలో క్రైస్తవ అధ్యయనాల డిప్లొమా, డిగ్రీ కోర్సులు నడుపుతుంది. పునాది కోసం అవి మంచివే. పరిశోధకుణ్ని మాత్రం అవి తయారు చేయలేవు, అలా ఆశించి చేరకూడదు.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయకుండా ముందుకు పోలేను. అద్దె ఇంట్లో రెండు గదులు తీసుకుని, ఆరు నెలల్లో వేదాంత డాక్టరేటు ఇస్తామనేవారు మన పట్టణాల్లోనూ ఉన్నారు. 1956 నాటి యూజీసీ చట్టం 22వ సెక్షన్ ప్రకారం మన దేశంలో డిగ్రీలు ఇచ్చే హక్కు విశ్వవిద్యాలయాలకు, చట్టం ఆ అధికారం ఇచ్చిన సంస్థలకు మాత్రమే ఉంది. నాకు తెలిసిన ఒక యువకుడు అలాంటి చోట తండ్రి రెండెకరాల కౌలు డబ్బు పోగొట్టుకున్నాడు. పోయిన మూడేళ్లు అంతకంటే పెద్ద నష్టం. ఎంత పేరున్న సెమినరీ అయినా, ఆ పట్టాను మీరు రేపు చేరదలచిన విశ్వవిద్యాలయం సమానార్హతగా అంగీకరిస్తుందో లేదో రాతపూర్వకంగా అడిగి తెలుసుకున్నాకే ఫీజు కట్టండి.

విశ్వవిద్యాలయ దారి

లెక్చరరు కావాలనుకునేవారికి, విశ్వాసంతో నిమిత్తం లేకుండా ప్రశ్నలు వేయాలనుకునేవారికి, క్రైస్తవేతరులకు ఇదే సరైన దారి. మద్రాసు విశ్వవిద్యాలయంలోనూ, మైసూరు విశ్వవిద్యాలయంలోనూ క్రైస్తవ్యాన్ని బోధించే ప్రత్యేక శాఖలు ఉన్నాయి. చరిత్రలో ఎంఏ చేసి, మిషన్ చరిత్రను పీహెచ్‌డీ అంశంగా తీసుకోవడం రెండో పద్ధతి, నేను ఎక్కువమందికి చెప్పేది ఇదే. చరిత్ర ఎంఏ అయితే ఉద్యోగ ప్రకటనల్లో ఎవరికీ సంజాయిషీ చెప్పనక్కరలేదు. లెక్చరరు పోస్టులకు జాతీయ అర్హత పరీక్ష అయిన నెట్‌కూ అదే పనికివస్తుంది. నెట్‌లో మతాల తులనాత్మక అధ్యయనం అనే సబ్జెక్టు వేరుగా ఉన్నా, ఆ పేరుతో మన రాష్ట్రంలో పోస్టులు దొరకడం అరుదు. శాఖ పేరు చూడడంతో సరిపెట్టుకోకుండా, అక్కడ మీ అంశం తెలిసిన పర్యవేక్షకులు ఉన్నారో లేదో విచారించాలి; లేకపోతే ఐదేళ్లు ఒంటరిగా నడవాల్సి వస్తుంది.

దళిత క్రైస్తవ కుటుంబాల విద్యార్థులు రిజర్వేషన్ విషయం ప్రవేశానికి ముందే స్పష్టం చేసుకోవాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకు పరిమితం చేసింది. తరువాత 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రంలో మతం మారిన ఎస్సీలూ వారి సంతానమూ బీసీ-సీ కిందికి వస్తారు. పరిశోధన చేసేవారికి కూడా ఈ విషయం ముఖ్యం, ఎందుకంటే ఈ కారణంగా ఎన్నో కుటుంబాలు ఆదివారం ప్రార్థనకు వెళ్తూనే కాగితాల్లో హిందువులుగా ఉన్నాయి. జనగణన సంఖ్యను యథాతథంగా తీసుకుని మన జిల్లాల క్రైస్తవ జనాభా ఇంత అని రాసేవారు ఇక్కడే పొరపడతారు.

విశ్వవిద్యాలయ దారికి మన జిల్లావాసులకు దక్కిన మేలు మద్రాసు దగ్గరగా ఉండటం. పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఎగ్మూరులోని తమిళనాడు ప్రభుత్వ దస్తావేజుల భాండాగారానికి వెళ్లి, మద్రాసు ప్రభుత్వ కాలపు కరువు, రెవెన్యూ కాగితాలు చూడవచ్చు. అయితే జిల్లా సరిహద్దుల చరిత్ర తెలియకుండా వెళితే ఉత్త చేతులతో తిరిగి రావలసి వస్తుంది. క్లౌ కాలంలో ఒంగోలు నెల్లూరు జిల్లాలోది. 1904లో అది గుంటూరు జిల్లాలో చేరింది. 1970లో గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల భాగాలతో ఒంగోలు జిల్లా ఏర్పడి, తరువాత ప్రకాశం అయింది. 2022లో కందుకూరు తిరిగి నెల్లూరులోకి వచ్చింది. 1878 కాగితాలను ప్రకాశం పేరుతో వెతికితే ఒక్కటీ దొరకదు.

విదేశీ చదువు

ఆండ్రూ వాల్స్ నెలకొల్పిన ప్రపంచ క్రైస్తవ్య అధ్యయన కేంద్రం ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో ఉంది, అక్కడ మాస్టర్స్ ఒక ఏడాదిలో పూర్తవుతుంది. అమెరికాలో బోస్టన్ విశ్వవిద్యాలయం ఈ అధ్యయనానికి పేరుపడింది. యేల్ డివినిటీ లైబ్రరీలోని మిషన్ సేకరణ ప్రపంచంలోని అతి పెద్దవాటిలో ఒకటి. ఈ చోట్ల దొరికేది పోలిక. నైజీరియా, కొరియా, బ్రెజిల్ విద్యార్థుల పక్కన కూర్చున్నప్పుడు, మన ఊళ్లో మాత్రమే జరిగిందనుకున్నది ఎన్ని చోట్ల జరిగిందో, నిజంగా మన ఊళ్లో మాత్రమే జరిగినది ఏమిటో తేలుతుంది. 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలోనే, తరువాత దోర్నకల్ బిషప్ అయిన వి. ఎస్. అజరయ్య లేచి, మిషనరీలు చేసిన త్యాగాలకు కృతజ్ఞులమంటూనే మాకు స్నేహితులను ఇవ్వండని అడిగారు. తెలుగు నేలమీద పనిచేసిన మనిషి అడిగిన ఆ మాట ఇప్పటికీ ఈ అధ్యయనంలో ముఖ్యపాఠమే.

అయినా బీఏ ముగిసిన వెంటనే విదేశానికి వెళ్లమని నేను చెప్పను. ఖర్చు ఒక కారణం. కామన్‌వెల్త్, చీవ్‌నింగ్ వంటి ఉపకార వేతనాలు ఉన్నా పోటీ గట్టిది, చీవ్‌నింగ్‌కు రెండేళ్ల పని అనుభవం కూడా అడుగుతారు. అంతకంటే పెద్ద కారణం తెలుగు. అక్కడ తెలుగు చదవగల ఆచార్యులు అరుదు. మీ ఊరి రికార్డులు, మీరు నమోదు చేసిన జ్ఞాపకాలు మీతో తీసుకెళ్లకపోతే, మీ చేతికి మిగిలేవి మిషనరీలు తమను పంపిన మిషన్ బోర్డులకు రాసిన నివేదికలే. అప్పుడు ఏడాది కష్టపడి, వారు చెప్పిన కథనే మళ్లీ చెప్పి రావలసి ఉంటుంది. పీహెచ్‌డీ దశలో, ఒక ఖచ్చితమైన దస్తావేజు కోసం వెళితే మాత్రం ఆ ప్రయాణానికి సాటి లేదు. నెల్లూరు, ఒంగోలు మిషనరీల ఉత్తరాలు కావాలంటే అట్లాంటాలోని అమెరికన్ బాప్టిస్టు హిస్టారికల్ సొసైటీకి వెళ్లాలి.

ఇక్కడే పాత నెల్లూరు జిల్లా దక్షిణ ప్రాంతపు విద్యార్థుల దారి వేరవుతుంది. నాయుడుపేట, సూళ్లూరుపేట, గూడూరు, వెంకటగిరి వైపు 1865లో పని మొదలుపెట్టినది ఆగస్ట్ మిలియస్ నాయకత్వంలోని జర్మనీవారి హెర్మన్స్‌బర్గ్ లూథరన్ మిషన్. వారి తొలికాలపు నివేదికలు జర్మన్‌లో ఉన్నాయి. ఆ తాలూకాల చరిత్ర రాయదలచినవారు బోస్టన్, ఎడిన్‌బరోల గురించి ఆలోచించేముందు, మద్రాసులో రెండేళ్లు జర్మన్ నేర్చుకోవడం వెయ్యిరెట్లు మేలు. ఒంగోలు విద్యార్థికి ఇచ్చే సలహా గూడూరు విద్యార్థికి పనికిరాదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

సొంత ఊరు

దీన్ని ఎవరూ ఒక ఎంపికగా లెక్కించరు. నేను మాత్రం దీన్ని అన్నిటికంటే ముందు పెడతాను, ఎందుకంటే మిగిలిన మూడు దారుల కోసం పదేళ్లు ఆగవచ్చు, దీనికోసం ఆగడానికి వీల్లేదు. పల్లె సంఘాల బాప్తిస్మ రిజిస్టర్లు, పెళ్లి రిజిస్టర్లు చెక్క బీరువాల్లో చెదలు తింటున్నాయి. పొదిలి దగ్గర ఒక పల్లెలో నేను చూసిన రిజిస్టరు మొదటి ఇరవై పేజీలు వేలితో తాకితే పొడి అయ్యాయి. ఆ పేజీల్లో ఏముందో కొంత చెప్పగలిగిన వృద్ధురాలు ఆ పక్క ఇంట్లోనే ఉన్నారు. నేను రెండోసారి వెళ్లేసరికి ఆమె లేరు.

అచ్చయిన కథల్లో దాగినది ఇలాంటి చోట్లనే బయటపడుతుంది. మాదిగ కులస్థుడైన యర్రగుంట్ల పేరయ్య గురించి మిషన్ పుస్తకాలన్నీ రాశాయి. తోళ్ల వ్యాపారం మీద ఉత్తరాన ఏలూరు వైపు వెళ్లినప్పుడు ఆయన ఈ మతబోధ విన్నారు, క్లౌ ఒంగోలుకు కాపురం మారకముందే ఆ నమ్మికను తన వాళ్ల మధ్యకు తెచ్చారు. అంటే మన మాదిగపల్లెలకు సువార్త చేరిన బాట తోళ్ల వ్యాపారపు బాట, బంధుత్వాల బాట. ఆ బాటలో నడిచిన మిగిలినవారి పేర్లు ఏ బోర్డు నివేదికలోనూ దొరకవు. స్త్రీల విషయం ఇంకా అన్యాయం. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలు కొండమీద అమెరికన్ బాప్టిస్టు మిషనరీలైన జ్యూయెట్ దంపతులతోపాటు ప్రార్థించిన ముగ్గురు తెలుగువారిలో జూలియా, రూత్ అనే ఇద్దరు స్త్రీలు. ఆ కొండ కథలో జ్యూయెట్ పేరు వినిపించినంతగా వారి పేర్లు మన పిల్లల చెవిన పడలేదు.

ఈ దారికి ఫీజు లేదు, పట్టా కూడా లేదు, పద్ధతి మాత్రం ఉండాలి. సంఘం పెద్దల అనుమతి తీసుకుని, రిజిస్టరును పేజీ పేజీ ఫోనుతో ఫొటో తీసి, ఒక ప్రతిని సంఘానికే ఇవ్వాలి. పెద్దవాళ్ల మాటలు వారి సమ్మతితో రికార్డు చేసి, తేదీ, ఊరు రాయాలి. బాప్తిస్మానికి ముందు పేరు, తరువాత పేరు రెండూ వేరు వరుసల్లో నమోదు చేయాలి, లేకపోతే ఒకే మనిషి ఇద్దరవుతాడు. అచ్చు ఆధారాల్లో, నెల్లూరులో పనిచేసిన డేవిడ్ డౌనీ 1893లో ప్రచురించిన మిషన్ చరిత్రతో మొదలుపెట్టవచ్చు. అది ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. క్లౌ ఆత్మకథ 1914లో, ఆయన మరణించిన నాలుగేళ్లకు, భార్య ఎమ్మా చేతిమీదుగా వెలువడిందని గుర్తుంచుకుని చదవాలి. అందులో ఏ మాట ఆయనది, ఏది ఆమె కూర్పు అని ప్రతి అధ్యాయంలోనూ అడుగుతూ ఉండాలి.

ఇక మీ మీ పరిస్థితులకు నా సలహా ఇది. పాస్టరు కావాలని మనసులో స్థిరపడినవారు సీరాంపూర్ బీడీలోనే చేరండి, చరిత్ర మీద మక్కువ ఉంటే ఎంటీహెచ్ వరకు దాన్ని నిలుపుకోండి. అధ్యాపకవృత్తి కోరేవారు చరిత్ర ఎంఏ చేసి నెట్ రాయండి. వేదాంతం కావాలంటే దూరవిద్య డిప్లొమా పక్కన పెట్టుకోండి. క్రైస్తవేతరులు సంకోచించనక్కరలేదు. కావలిలో మిషన్ నడిపిన ఎరుకల సెటిల్‌మెంటు చరిత్ర క్రైస్తవులకెంత కావాలో, బ్రిటిషు కాలంలో కొన్ని తెగలను పుట్టుకతోనే నేరస్థులుగా ముద్రవేసిన నేరస్థ తెగల చట్టం గురించి చదివేవారికీ అంతే కావాలి. పెళ్లి వల్లో, ఇంటి బాధ్యత వల్లో ఊరు విడిచి వెళ్లలేని అమ్మాయిలకు నేను చెప్పేది మరొకటి. పల్లెల్లో బైబిలు స్త్రీల (ఇంటింటికీ వెళ్లి ఆడవాళ్లకు బైబిలు బోధించిన మిషన్ పనివారి) మనుమరాళ్లు మగ పరిశోధకుల ముందు చెప్పని సంగతులు మీకు చెబుతారు. ఆ జ్ఞాపకాలు మీ దగ్గర ఉంటే, రేపు ఏ విశ్వవిద్యాలయమైనా మిమ్మల్ని వెతుక్కుంటూ వస్తుంది. విదేశం వెళ్లగలిగినవారు కూడా టికెట్టు కొనేముందు ఒక వేసవి ఊళ్లోనే ఉండి, కనీసం ఒక్క సంఘపు రిజిస్టరునైనా పూర్తిగా ఫొటో తీసుకుని వెళ్లండి. ఎండాకాలంలో పెద్దవాళ్లు మధ్యాహ్నాలు ఇంటిపట్టునే ఉంటారు, మాట్లాడటానికి వారికి తీరిక ఉంటుంది.